బల్ల ముందు కులం

క్రైస్తవ దేవాలయంలో జరిగే ఆరాధనకు అర్థమేమిటని అడిగితే మనకు రెండు సిద్ధమైన జవాబులు దొరుకుతాయి. ఉపదేశకుడు ప్రశ్నోత్తరి తెరిచి, బాప్తిస్మం దేనికి గుర్తో, రొట్టె ద్రాక్షారసాలు దేనికి గుర్తో పిల్లలచేత వల్లె వేయిస్తాడు. మన అభ్యుదయ విమర్శకుడు ఆ పుస్తకం తెరవకుండానే, అదంతా దొరలు తెచ్చిపెట్టిన మత్తుమందని తేల్చేస్తాడు. చూడబోతే వీరిద్దరూ బద్ధశత్రువులు. కాని ఒక్క విషయంలో ఇద్దరూ ఏకమే. ఆ బల్ల ముందు మోకరించిన మనిషి ఎవడు, ఏ పల్లెనుంచి వచ్చాడు, మిగిలిన ఆరు రోజులూ ఎవరి పొలంలో నడుము వంచుతున్నాడు అనే ప్రశ్న ఇద్దరూ వెయ్యరు. ఆ ప్రశ్న వెయ్యనివాడికి ఆరాధన అర్థం కాదు.

ఆదివారాన్నే తీసుకుందాం. 1866 తర్వాత ఒంగోలు ప్రాంతపు మాదిగలు అమెరికన్ బాప్టిస్టు సంఘంలో చేరసాగారు. వారిలో మొదట బోధకు పూనుకున్నవాడు తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య. చేరినవారికి మిషనరీ జాన్ క్లౌ చెప్పిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చెయ్యరాదు, చచ్చిన పశువును తినరాదు, విగ్రహాలను కొలవరాదు. చదవడానికి ఇవి కేవలం మతనియమాలు. కాని పుట్టుకతోనే వూరి చాకిరికి కట్టుబడిన మనిషి “రేపు ఆదివారం, నేను పనికి రాను” అన్నప్పుడు, జాతరలో డప్పు కొట్టనన్నప్పుడు, ఏం జరిగింది? పెత్తందార్లు బావినీళ్లు బందు చేశారు, దొంగకేసులు పెట్టించారు, కొట్టించారు. ఆదివారపు ఆరాధనకు అర్థమేమిటో ఏ ప్రశ్నోత్తరీ చదవకుండానే వారికి తెలిసిపోయింది! పట్నంలో కార్మికుడు వారానికొక సెలవు అడిగితే దాన్ని పోరాటమని మనం పేజీలకు పేజీలు రాశాం. మాదిగపల్లె అడిగిన సెలవును మాత్రం మూఢభక్తి ఖాతాలో వేశాం.

“వాళ్లు కూటికోసం కలిసినవాళ్లు” అనే మాట మరొకటుంది. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకొని వేలాదిమందికి పని కల్పించిన మాట నిజమే. కాని ఆ కరువు పని సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. కూలి ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. కూలి కోసమే అయితే కూలి అయిపోయాక ఎందుకు దిగినట్లు? వూరి చెరువును ముట్టనివ్వని జనం, తమను ఎవరూ గెంటివెయ్యని నీళ్లలోకి బహిరంగంగా దిగి లేచిన రోజది. దానిని పాపక్షమాపణ అని మాత్రమే నేర్పే ఉపదేశకుడు సగం పాఠమే చెబుతున్నాడు.

ఇక ప్రభు భోజనం. ఆ బల్లనుగూర్చి వచ్చిన తొలినాటి తగాదాల్లో ఒకటి తిండి తగాదా. కొరింథులో కలిగినవారు ముందే తిని తాగుతూంటే, లేనివారు ఆకలితో కూర్చునేవారు. అలా తినేది ప్రభు భోజనమే కాదని పౌలు వారిని కసిరాడు. అంటే పక్కవాడి ఆకలిని పట్టించుకోని భక్తిని ఆ మత గ్రంథమే చెల్లదన్నది.

మన దేశంలో 1950వ సంవత్సరాన్ని చూడండి. జనవరి 26న అమలుకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1947లో ఏర్పడిన దక్షిణ భారత సంఘం తన కొత్త ప్రభు భోజన క్రమాన్ని మొదటిసారి వాడిందీ 1950లోనే. ఆ క్రమంలో సమాధానాన్ని నోటితో చెప్పి వూరుకోరు. బల్ల దగ్గరనుంచి చేతిలో చెయ్యివేసి ఒకరినుంచి ఒకరికి అందిస్తారు. అంటరానితనమున్న దేశంలో అంటుకోవడాన్నే ఆరాధనగా చేసిన ఘట్టమది. అదే ఏడు ఆగస్టు 10న షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవుడికి యీనాటికీ తెరవలేదు. అతడిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో కూర్చోబెట్టారు.

అంటే, బల్ల ముందు కులం లేదన్న మాటను అక్షరాలా నమ్మినది ప్రభుత్వమొక్కటే. అదీ హక్కు తీసివెయ్యడానికి! వూరు నమ్మలేదు. 1985లో కారంచేడులో మాదిగలను, 1991లో చుండూరులో మాలలను చంపినవారు ఎవరికి బాప్తిస్మమైందో అడిగి నరకలేదు. సంఘమూ నమ్మలేదు. నమ్మితే అనేక పల్లెల్లో మాలలకొక గుడి, మాదిగలకొక గుడి ఎందుకున్నాయి? ఒకే గిన్నెలో తాగినవారు పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం పేరు ఎందుకు అడుగుతున్నారు?

సంఘపు పెద్దలను అడిగేది ఇదే. పిల్లలకు ఆరాధన అర్థం నేర్పాలనుకుంటే బావినీళ్లు పోగొట్టుకొని ఆదివారం నిలబెట్టిన తాతముత్తాతల కథ చెప్పండి. గిన్నె ఒకటే అయినప్పుడు గుడి రెండెందుకైందో ఆ పిల్లల ముందే జవాబు చెప్పండి. ఆ బల్ల సాక్షిగా దళిత క్రైస్తవుడి హక్కు కోసం వీధిలోకి రండి.

మన రచయితలకూ ఒక మాట. ఆ గుడిలోకి తొంగిచూడకుండా దానిమీద తీర్పులు రాయడం మానుకుందాం. అక్కడ మోకరించినవాడు మనం ఎవరి పక్షాన రాస్తున్నామని చెప్పుకుంటున్నామో ఆ కూలివాడే.