ఒకే ఊరు.. ఒకే గట్టు.. ధర మాత్రం వేరు! జహీరాబాద్ నిమ్జ్ రైతుల కోపం వెనక అసలు లెక్క ఇదీ

గట్టుకు ఇవతల ఒక రైతు, అవతల ఇంకో రైతు. ఇద్దరివీ ఒకే రకం నేలలు, ఒకే వాన మీద పండే చేలు. ప్రభుత్వం అడిగినప్పుడు ఒకరు ముందే సంతకం పెట్టారు. ఇంకొకరు కొన్నేళ్లు ఆగారు. ఈలోగా ఎకరం పరిహారం పెరిగింది. ముందు సంతకం పెట్టిన వాళ్లు ఇప్పుడు అడుగుతున్నది ఒక్కటే.. "మాట విన్నందుకేనా మాకు తక్కువ?"

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర నిమ్జ్ భూముల గొడవ పదేళ్లు దాటినా చల్లారకపోవడానికి ఈ ప్రశ్న ఓ పెద్ద కారణం. పైకి చూస్తే ఇది పరిహారం చాలలేదన్న గొడవలాగే కనిపిస్తుంది. కానీ లోతుకు వెళ్తే విషయం వేరు. ధర ఎంత అన్నదానికంటే.. ఆ ధరను ఎవరు, ఎప్పుడు, ఏ లెక్కన మారుస్తున్నారన్నదే ఇక్కడ అసలు పేచీ.

అసలు నిమ్జ్ ఏంటి?

నిమ్జ్ అంటే జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి. 2011లో కేంద్రం తెచ్చిన జాతీయ తయారీ విధానంలో ఈ ఆలోచన పుట్టింది. ఒక్కో మండలికి కనీసం 5 వేల హెక్టార్లు ఉండాలన్నది నిబంధన. జహీరాబాద్ ప్రాంతంలోని న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో దాదాపు 12,635 ఎకరాల్లో దీన్ని ప్లాన్ చేశారు. 17 గ్రామాల భూములు దీని పరిధిలోకి వచ్చాయి.

ఇక్కడే ఎందుకంటే.. ముంబై హైవే పక్కనే ఉంది. హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్లు. కర్ణాటకలోని బీదర్ కూతవేటు దూరం. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంట్ ఇప్పటికే నడుస్తోంది. పరిశ్రమల వాళ్లకు ఇవన్నీ ప్లస్ పాయింట్లే.

కానీ రైతుకు ఇది వేరే నేల. చెరకు, అల్లం, ఆలుగడ్డ, కంది, పత్తి పండే ప్రాంతం. జొన్న, కొర్ర లాంటి చిరుధాన్యాల సాగును మహిళా సంఘాలు దశాబ్దాలుగా కాపాడుకుంటూ వచ్చిన చోటు. కాగితం మీద 12,635 ఎకరాలు ఒక్క లైనులో రాసేయొచ్చు. ఊళ్లో మాత్రం అది ఇంటింటికీ ఒక్కో లెక్క.

జీవో 123.. కూలీలు వేసిన కేసు

2014 జనవరి 1 నుంచి దేశంలో కొత్త భూసేకరణ చట్టం అమల్లోకి వచ్చింది. అందరూ 2013 చట్టం అనేది దీన్నే. పరిహారం, పునరావాసం, సామాజిక ప్రభావ అంచనా.. అన్నీ ఇందులో ఉన్నాయి. అయితే ఈ దారిలో వెళ్తే ఆలస్యమవుతుందని భావించిన తెలంగాణ ప్రభుత్వం 2015 జులైలో జీవో 123 తెచ్చింది. రైతు ఇష్టపడితే నేరుగా కొనుక్కోవడం దీని సారాంశం. ధర మాట్లాడుకో, సంతకం పెట్టు, డబ్బు తీసుకో.. అంతే.

వినడానికి బాగానే ఉంది. మరి భూమి లేని వాళ్ల సంగతేంటి? ఆ చేలల్లో కూలికి వెళ్లే వాళ్లు, కౌలుకు చేసేవాళ్లు, చేతివృత్తుల మీద బతికే వాళ్లు? భూమి అమ్మితే రైతుకు ఎంతో కొంత వస్తుంది. కూలీకి వచ్చేది సున్నా. ఈ పాయింట్ మీదే జహీరాబాద్ నిమ్జ్ గ్రామాల వ్యవసాయ కూలీలు హైకోర్టుకు వెళ్లారు. 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి జీవో 123ను కొట్టేశారు.

ప్రభుత్వం అప్పీల్ చేసింది. కూలీలకు కూడా పునరావాసం కల్పిస్తామంటూ మరో జీవో ఇచ్చింది. తర్వాత 2016 డిసెంబర్‌లో 2013 చట్టానికే రాష్ట్ర స్థాయిలో సవరణ బిల్లును అసెంబ్లీ ఆమోదించింది. 2017లో రాష్ట్రపతి ఆమోదంతో అది చట్టమైంది. ఇష్టపడిన రైతులతో నేరుగా ఒప్పందం చేసుకునే వీలు ఇందులో 30ఏ సెక్షన్‌గా చేరింది.

అంటే ఏమైంది? రెండేళ్లలోపే ఒకే ప్రాజెక్టుకు ఆట రూల్స్ పలుమార్లు మారాయి. మొదట జీవో, తర్వాత కోర్టు తీర్పు, ఆపై ఇంకో జీవో, చివరికి కొత్త సవరణ. ఏ రూల్ ఉన్నప్పుడు సంతకం పెట్టారన్న దాన్ని బట్టి ఒక్కో కుటుంబానికి ఒక్కో ఫలితం.

చట్టం చెప్పే లెక్క ఎలా ఉంటుంది?

2013 చట్టం ప్రకారం మొదట మార్కెట్ విలువ తేల్చాలి. రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన విలువ ఒకటి. చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం అమ్మకాల సగటు ఇంకొకటి. వీటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. పల్లెల్లో ఆ విలువను 1 నుంచి 2 మధ్య గుణకంతో హెచ్చిస్తారు. పట్టణానికి ఎంత దూరం అన్నదాన్ని బట్టి ఈ గుణకం ఉంటుంది. చెట్లు, బావులు లాంటివి ఉంటే వాటి విలువ కలుపుతారు. ఆ మొత్తానికి మళ్లీ అంతే సొమ్ము సొలాషియంగా ఇస్తారు.

ఉదాహరణకు ఎకరం మార్కెట్ విలువ 3 లక్షలుగా తేలిందనుకుందాం. గుణకం 1 అయితే 3 లక్షలు, సొలాషియం 3 లక్షలు.. మొత్తం 6 లక్షలు. గుణకం 2 అయితే 6 లక్షలు, సొలాషియం 6 లక్షలు.. మొత్తం 12 లక్షలు. అదే ఎకరం బయట 30 లక్షలకు అమ్ముడుపోతుంటే? చట్టం ప్రకారం గరిష్ఠంగా లెక్కేసినా సగం కూడా రాదు.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో ఊళ్లో అందరికీ తెలుసు. భూమి కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి కాగితం మీద తక్కువ ధర రాయించుకోవడం మామూలే. ఆరోజు మిగిలిన కొద్దిపాటి డబ్బు.. సేకరణ రోజు అదే ఊళ్లో అందరి పరిహారానికీ ఎసరు పెడుతుంది.

ఎనిమిదేళ్లు కదలని ధర

తప్పంతా రైతుదేనా అంటే కాదు. రిజిస్ట్రేషన్ విలువను సవరించాల్సింది ప్రభుత్వం. ఉమ్మడి రాష్ట్రంలో 2013 ఆగస్టులో సవరించాక.. తెలంగాణలో 2021 జులై 22 దాకా ఆ విలువలు కదల్లేదు. అప్పుడు వ్యవసాయ భూమికి ఎకరం కనీస విలువను 75 వేలుగా ఖరారు చేశారు. అదే రోజు నుంచి రిజిస్ట్రేషన్ ఛార్జీలనూ 6 నుంచి 7.5 శాతానికి పెంచారు. ఆరు నెలలు తిరిగేసరికి 2022 ఫిబ్రవరి 1న మళ్లీ పెంచారు.

నిమ్జ్ సేకరణ మొదలైంది సరిగ్గా ఆ ఎనిమిదేళ్ల మధ్యలోనే. పరిహారం లెక్కకు ప్రాథమిక నోటిఫికేషన్ తేదీనాటి విలువే ప్రామాణికం. ఆ తర్వాత ఊళ్లో ధర ఎంత పెరిగినా పాత నోటిఫికేషన్ కింద ఉన్న భూమికి పాత లెక్కే. పైగా నోటిఫికేషన్ వచ్చాక కలెక్టర్ అనుమతి లేకుండా ఆ భూమిని అమ్మడానికి లేదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఇంకోటి ఉంది. భూసేకరణ మొదలుపెట్టే ముందే ఆ ప్రాంతంలో మార్కెట్ విలువను తాజా ధరలకు తగ్గట్టు సవరించే చర్యలు కలెక్టర్ తీసుకోవాలని 2013 చట్టంలోని 26వ సెక్షనే చెబుతోంది. రైతులు కొత్తగా అడిగే కోరిక కాదిది. చట్టంలో ఉన్న మాటే.

ఇక అసైన్డ్ భూముల బాధ వేరు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఈ భూములను ఊళ్లలో లావణి పట్టా అంటారు. పట్టా భూమికి ఒక రేటు, వీటికి తక్కువ రేటు అనే మాట సేకరణ ఎక్కడ జరిగినా వినిపిస్తుంది. కానీ అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని ఉమ్మడి ఏపీ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే చెప్పింది.

కంప్యూటర్‌లోని భూమికీ ఇదే గొడవ!

ధర మధ్యలో మారితే జనం ఎందుకు అంతలా మండిపడతారో తెలియాలంటే.. మట్టే లేని ఓ భూమి కథ పనికొస్తుంది. అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003లో 'సెకండ్ లైఫ్' అనే ఆన్‌లైన్ ప్రపంచాన్ని తెచ్చింది. అందులో డబ్బు కట్టి స్థలం తీసుకోవచ్చు. ఇల్లు, దుకాణం కట్టుకోవచ్చు. అద్దెకూ ఇచ్చుకోవచ్చు.

అందులో 'ఓపెన్‌స్పేస్' అనే చౌక రకం స్థలం ఉండేది. నెలకు 75 డాలర్లు. 2008 మొదట్లో కంపెనీ వాటిలో కట్టుకునే పరిమితిని రెట్టింపు చేసింది. జనం ఎగబడి తీసుకున్నారు. అదే ఏడాది అక్టోబర్ చివర్లో కంపెనీ బాంబు పేల్చింది. అనుకున్నదానికంటే ఎక్కువగా వాడేస్తున్నారు కాబట్టి జనవరి నుంచి నెలకు 125 డాలర్లు కట్టాలంది. అంటే మూడింట రెండు వంతుల పెంపు!

యూజర్లు భగ్గుమన్నారు. ఆ ప్రపంచంలోనే తమ బొమ్మల చేతుల్లో ప్లకార్డులు పెట్టి నిరసన తెలిపారు. "మీరే ఆశ పెట్టి కొనిపించి, ఇప్పుడు రూల్ మారుస్తారా?" అన్నదే వాళ్ల వాదన. కొద్ది రోజుల్లోనే కంపెనీ కొంత వెనక్కి తగ్గింది. పాత 75 డాలర్ల ధర ఉంచింది కానీ పరిమితులు బాగా తగ్గించింది. ఎక్కువ వాడుకునే వాళ్లకు వేరే రకం పెట్టి.. ముందు 95, తర్వాత 2009 జులై నుంచి 125 డాలర్లని రెండు దశలు చేసింది.

న్యాల్‌కల్ రైతుకూ, ఆ యూజర్‌కూ కోపం ఒకచోటే కలుస్తుంది. ధర నిర్ణయించేది, మార్చేది ఒక్కరే. అవతలి వాళ్లు అప్పటికే తమ బతుకును దాని మీద కట్టేసుకున్నారు.

తేడా కూడా అక్కడే ఉంది. ఆ యూజర్ విసిగిపోతే కంప్యూటర్ ఆపేసి వెళ్లిపోవచ్చు. పోయేది డబ్బు, శ్రమ. జహీరాబాద్ రైతుకు ఆ వీలు లేదు. పరిహారం చేతికొచ్చేలోపు పక్క మండలంలోనూ ధరలు పెరుగుతాయి. అమ్మిన ఎకరానికి ఎకరం కొనలేని పరిస్థితి. కూలీకైతే కొనే మాటే లేదు.

ఇప్పుడు ఏం జరుగుతోంది?

2022 జూన్ 22న నిమ్జ్‌లో వెమ్ టెక్నాలజీస్ రక్షణ పరికరాల పరిశ్రమకు అప్పటి మంత్రి కేటీఆర్ శంకుస్థాపన చేశారు. సుమారు వెయ్యి కోట్ల పెట్టుబడి, 511 ఎకరాలు. ఆ రోజే రైతులు నిరసనకు దిగారు. పోలీసులు అడ్డుకున్నారు.

2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ దేశంలో 12 పారిశ్రామిక స్మార్ట్ సిటీలకు ఓకే చెప్పింది. అందులో జహీరాబాద్ ఒకటి. తొలి దశలో 3,245 ఎకరాలు, 2,361 కోట్ల అంచనా వ్యయం. 1.74 లక్షల మందికి ఉపాధి వస్తుందని అంచనా చెప్పారు. అంటే ఇక పనులు ఊపందుకుంటాయి. రోడ్లు, నీళ్లు, కరెంటు వచ్చే కొద్దీ చుట్టుపక్కల భూమి ధర ఇంకా పెరుగుతుంది. ఆ పెరుగుదలలో భూమి ఇచ్చిన వాళ్లకు వాటా ఉందా? ఇదే అసలు ప్రశ్న.

వాటా ఇచ్చే పద్ధతి తెలుగు నేల మీద కొత్తేమీ కాదు. అమరావతిలో 2015లో భూసమీకరణ చేసినప్పుడు మెట్ట భూమి ఎకరానికి 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నారు. పదేళ్ల పాటు కౌలు కూడా ఇస్తామన్నారు. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట రాగానే అక్కడి రైతులు రోడ్డెక్కారు. వాళ్లదీ అదే బాధ.. ఇచ్చిన మాట మధ్యలో మారడం. కాబట్టి వాటా ఒక్కటే సరిపోదు, మాట కూడా నిలబడాలి.

నిమ్జ్ విషయంలో ప్రభుత్వం చేయగలిగిన పనులు కష్టమైనవేం కాదు. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఏ లెక్కన, ఎకరానికి ఎంత ఇచ్చారో పంచాయతీ గోడ మీద పెట్టొచ్చు. ధర పెంచినప్పుడు ముందు సంతకం పెట్టిన వాళ్లకు ఆ తేడా ఇవ్వొచ్చు. మిగిలిన భూములకు నోటిఫికేషన్ ఇచ్చే ముందే విలువలు సవరించొచ్చు. కూలీ కుటుంబాలకు చట్టంలో ఉన్న మూడు దారులు.. ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా ఇరవై ఏళ్లపాటు నెలకు కనీసం 2 వేలు.. వీటిలో ఎవరికి ఏది దక్కిందో జాబితా బయట పెట్టొచ్చు.

ఇవి జరగకపోతే ఏమవుతుందో ఈ పదేళ్లు చూపించాయి. ముందు ఇచ్చిన వాడు నష్టపోయాడని ఊరంతా అనుకుంటే.. తర్వాతి వాడు సంతకం పెట్టడు. ఆగితే రేటు పెరుగుతుందని అతనికి నేర్పింది ప్రభుత్వమే. కంపెనీలు రావాలన్నా, రైతు ఒప్పుకోవాలన్నా ముందు కావాల్సింది పెద్ద ధర కాదు.. రేపు కూడా మారని లెక్క.