ఎండకు కులం లేదంటారా?

ఉగాది దాటిందో లేదో పేపర్లూ టీవీలూ ఒకటే పాట మొదలుపెడతాయి. పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ బయటికి రావద్దు, మజ్జిగ తాగండి, నీడపట్టున ఉండండి అని. మంచి మాటే. కానీ ఎవరికి చెబుతున్నారు ఈ మాట? నీడ ఉన్నవాడికి చెబుతున్నారు. గడప దాటకపోయినా పొయ్యి వెలిగే ఇంటికి చెబుతున్నారు. కూలికి పోతే గాని కుండ పొయ్యెక్కని మాల మాదిగ పల్లెలకు ఆ మాట ఎట్లా సరిపోతుంది? ఎండ అందరికీ ఒక్కటే, దానికి కులమేమిటి అని చదువుకున్నవాళ్లు కూడా అంటున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

మన వాడల నుంచి ఈవేళ ఎంతోమంది పిల్లలు గ్రూప్స్ కీ సివిల్స్ కీ చదువుతున్నారు. సంతోషం. వాళ్ల పుస్తకాల్లో పరిపాలన ఒక పాఠం, వాతావరణం ఒక పాఠం, సమాజం ఇంకో పాఠం. వాడలో ఈ మూడూ విడివిడిగా ఉండవు, ఒకే రేకుల కప్పు కింద ఉంటాయి. 2024లో సుప్రీంకోర్టు బట్టమేక పిట్టను కాపాడే కేసులో ఒక తీర్పు చెప్పింది. వాతావరణ మార్పు తెచ్చే కీడు నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కని, ఆ హక్కు రాజ్యాంగం 14, 21 అధికరణల్లోనే ఉందని చెప్పింది. మన పిల్లలు ఆ తీర్పును మార్కుల కోసం బట్టీ పడుతున్నారు. పట్టండి, మార్కులు తెచ్చుకోండి. కానీ 14 అంటే సమానత్వం, 21 అంటే ప్రాణం. ఒకే ఎండ ఒకడికి ఉక్కపోత, ఇంకొకడికి చావు అయినప్పుడు అది సమానత్వం ప్రశ్న కాక మరేమిటి?

లెక్కలు చూడండి. 2003 ఎండాకాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. 2015లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లో కలిపి 1,700 మందికి పైగా పోయారు. ఇవి సర్కారు ఒప్పుకున్న చావులు. పోయినవాళ్లలో ఎక్కువమంది కూలీనాలీ జనం, ముసలివాళ్లు. ఏ వాడ నుంచి ఎందరు పోయారో ఎవరైనా వచ్చి మనకు చెప్పారా? చెప్పలేదు. కులం రాయకుండా లెక్క రాస్తే ఎండకు కులం లేనట్టే కనిపిస్తుంది.

వాడ ఎక్కడుందో చూస్తే ఎండ కులం తెలుస్తుంది. ఊరికి ఎడంగా, పల్లంలోనో రాతిదిబ్బ మీదనో మనల్ని పెట్టారు. చెట్టు నాటుకుందామంటే జానెడు నేల లేదు. ఒంటి గది ఇల్లు, పైన రేకు. పగలంతా కాగిన రేకు రాత్రి కూడా నిద్ర పట్టనీయదు. నీళ్ల పైపు ఊరంతా తిరిగి చివరికి వాడకొస్తుంది, అప్పటికి నీళ్లుండవు. బిందె పట్టుకుని ఎండలో నిలబడేది మన ఆడవాళ్లే. ఇక పనులంటారా? పొలం పని, ఇటుక బట్టీ, తారు రోడ్డు, పట్నం వీధులు ఊడ్చే పని. నీడలో కూర్చుని చేసే పని మన తాతలకు ఎవరిచ్చారు?

నీళ్ల సంగతి మనకు కొత్తది కాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు తాగి చూపించారు. 1985 జూలైలో కారంచేడు మాదిగపల్లెలో తాగే నీళ్ల చెరువును పాడు చెయ్యొద్దని అడగడమే నేరమైంది. 17వ తేదీన ఆరుగురిని చంపారు. దాహానికి ఈ దేశంలో కులం ఉన్నప్పుడు ఎండకు లేదంటే ఎట్లా నమ్మేది?

ఇప్పుడు పాలన సంగతి. వరద, తుపాను, కరువు, భూకంపం లాంటి 12 విపత్తులకు కేంద్రం జాబితా ఉంది. వాటికే విపత్తు నిధి నుంచి సాయం నేరుగా అందుతుంది. 2021-26 కాలానికి అమలైన ఆ జాబితాలో చలిగాలి ఉంది, వడగాలి లేదు! రాష్ట్రాలు కావాలనుకుంటే స్థానిక విపత్తుగా ప్రకటించి, తమ నిధిలో 10 శాతం లోపు ఖర్చు పెట్టుకోవచ్చునన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్ లో అట్లా ప్రకటించి, వడదెబ్బ చావుకు అంతకుముందున్న 50 వేల సాయాన్ని 4 లక్షలకు పెంచింది. మంచిదే. అయితే కాగితం మీది 4 లక్షలు వాడకు ఎట్లా చేరాలి?

చావు వడదెబ్బ వల్లేనని తేల్చేది తహసీల్దారు, ఎస్సై, డాక్టరు కలిసిన ముగ్గురి కమిటీ. కూలి పనిలో కుప్పకూలిన మనిషిని ఇంటికి మోసుకొస్తారు. ఏడుస్తారు, పొద్దుగూకే లోపల పూడుస్తారు. పోస్టుమార్టం లేదు, కబురు లేదు. వారం పోయాక ఆఫీసుకెళితే సాక్ష్యమేదంటారు. గుండె ఆగి పోయాడని రాస్తారు. గుండె ఎవరికైనా ఆగుతుంది, ఎందుకు ఆగిందన్నది గదా ప్రశ్న!

ఉపాధి పనుల సంగతి కూడా చూడాలి. పొలం పనులు లేని ఎండాకాలంలోనే మన ఊళ్లలో ఉపాధి పనులు ముమ్మరం. 2005 చట్టం పనిచోట తాగునీళ్లు, నీడ, మందుల పెట్టె ఉండాలంది. ఎండకు నేల గట్టిపడి కొలతలు తగ్గుతాయని మన రెండు రాష్ట్రాల్లో ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం వేసవి భత్యం కలిపేవాళ్లు. కంప్యూటర్ లెక్క మారాక ఆ భత్యం జారిపోయింది. 2023 జనవరి నుంచి సెల్ ఫోన్ హాజరు తప్పనిసరి చేసి రోజుకు రెండు ఫొటోలు దిగమన్నారు. తెల్లవారుజామున పని ముగించుకున్న కూలీ రెండో ఫొటో కోసం ఎండలో పడిగాపులు పడాల్సి వచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. 125 రోజుల పని అంటోంది. పంటల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపొచ్చునంటోంది. ఖర్చులో 40 శాతం రాష్ట్రం మీద వేసింది. పేరు ఏదైనా పెట్టుకోండి, మేము అడిగేది ఒక్కటే: పని కోసం వచ్చిన మనిషి ప్రాణంతో ఇంటికి పోవాలి.

మన చేతిలో ఏమీ లేదా? ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ చూడండి. సాయం, పరిహారం ఇచ్చేటప్పుడు కులం పేరున వివక్ష చూపరాదని అందులో రాసి ఉంది. జిల్లా విపత్తు సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే. అంటే నీళ్ల ట్యాంకర్ ఊళ్లో ఆగి వాడకు రాకపోతే అది చట్టాన్ని మీరడమే. ఎవరి దయకోసమో చూడకుండా ఆ సెక్షన్ పేరు రాసి అర్జీ పెట్టండి.

కార్యకర్తలు ఈ ఎండాకాలం నుంచే ఈ పనులు పట్టుకోవాలి.

ఒకటి: ప్రతి వాడలో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎండకు పడిపోయిన వాళ్ల పేరు, వయసు, తేదీ, ఏ పనిలో ఉండగా పడిపోయారో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారో రాయండి.

రెండు: ఎండలో పనిచేస్తూ మనిషి పోతే పూడ్చకముందే తహసీల్దారుకు, పోలీసులకు రాతపూర్వకంగా తెలపండి. పోస్టుమార్టం అడగండి. కష్టమైన మాటే, కానీ మిగిలిన పిల్లల కోసం అడగాలి.

మూడు: గ్రామసభలో తీర్మానం చేయించండి. ఎండాకాలం పని పొద్దున పదిన్నరకు ముగియాలి, కొలతలు తగ్గించాలి, వేసవి భత్యం హక్కుగా ఇవ్వాలి.

నాలుగు: 2013లో పోరాడి తెచ్చుకున్న ఉపప్రణాళిక చట్టం మన వాటా నిధుల కోసమే. తెలంగాణలో 2017 నుంచి దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ డబ్బుతో వాడలో చెట్లు, తాగునీళ్లు, రేకు స్థానంలో చల్లని కప్పు అడగండి. ఈలోగా కప్పు మీద సున్నం కొట్టినా వేడి కొంత తగ్గుతుంది.

చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఆ నోటు పుస్తకం మీరు రాయండి. ఆ అర్జీ మీరు రాయండి. రేపు మీలో ఒకరు తహసీల్దారై ఆ ముగ్గురి కమిటీలో కూర్చోవచ్చు. అప్పుడు మీ ముందుకొచ్చే కాగితం మీద ఉండేది మన వాడ మనిషి పేరే. దాన్ని ఏ గడిలో రాస్తారో ఇప్పుడే తేల్చుకోండి.

జై భీమ్!