షఖ్తార్ చరిత్ర, బస్తర్ మైదానం

2014 మే 2న తూర్పు ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ నగరంలో షఖ్తార్ ఫుట్‌బాల్ క్లబ్ మరియుపోల్ జట్టుపై 3-1 తేడాతో గెలిచింది. ఆ తర్వాత ఆ క్లబ్ సొంత మైదానంలో మళ్లీ అడుగుపెట్టలేదు. రష్యా అండ ఉన్న వేర్పాటువాదులు నగరాన్ని స్వాధీనం చేసుకోవడంతో ఆటగాళ్లు, శిక్షకులు, సిబ్బంది ఊరు విడిచి వెళ్లారు. ఆనాటి నుంచి నేటి వరకు పేరులో దొనెత్స్క్‌ను మోస్తూనే పరాయి ఊళ్లలో ఆడుతున్నారు.

బస్తర్ గురించి రాయదలచుకున్నప్పుడు ఈ క్లబ్ చరిత్రను తలచుకోవడానికి కారణం ఉంది. దొన్‌బాస్, బస్తర్ రెండూ నేల కింది ఖనిజం వల్ల బయటి ప్రపంచపు కంట్లో పడిన ప్రాంతాలు. రెండుచోట్లా తుపాకుల మధ్య నలిగి ఊళ్లు ఖాళీ అయ్యాయి. అన్నిటికీ మించి, ఇవాళ బస్తర్‌లో ప్రభుత్వం ఆటల పోటీలను తన విజయానికి సాక్ష్యంగా దేశానికి చూపుతోంది. పాలకులు ప్రచారం కోసం మొదలుపెట్టిన ఆట కాలక్రమంలో ప్రజల సొత్తు కాగలదా అన్న ప్రశ్నకు షఖ్తార్ చరిత్రలో ఒక జవాబు ఉంది. ఆ జవాబు మన పాలకులకు అంత సౌకర్యంగా ఉండదు.

1935 ఆగస్టు చివర దొన్‌బాస్‌లోని ఒక బొగ్గు గనిలో అలెక్సీ స్తహానోవ్ అనే కార్మికుడు ఒకే షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తవ్వాడని సోవియట్ పత్రికలు ప్రకటించాయి. అది నిర్ణీత కోటాకు 14 రెట్లు. ఆ రాత్రి గనిలో ఆయనకు సహాయకులు ఉన్నారన్న సంగతి మరుగున పడింది. స్టాలిన్ ప్రభుత్వం ఒక కార్మికుడి పేరును దేశవ్యాప్త ఉద్యమంగా మార్చి, అందరి చేతా అదనపు ఉత్పత్తి చేయించడానికి దాన్ని కొరడాలా వాడుకుంది. మరుసటి ఏడాది దొన్‌బాస్ గని కార్మికుల ఫుట్‌బాల్ జట్టుకు పెట్టిన పేరు 'స్తహానోవెత్స్'. నగరం పేరు అప్పటికి స్టాలినో. అంటే, నాయకుడి పేరున్న ఊళ్లో ప్రచారం సృష్టించిన వీరుడి పేరుతో ఆ జట్టు పుట్టింది.

1946లో పేరు మారింది. ఉక్రేనియన్ భాషలో షఖ్తార్ అంటే గని కార్మికుడు. ఒక వీరుడి పేరు పోయి, వేల మంది చేసే వృత్తి పేరు వచ్చింది. అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు చిహ్నమయ్యాయి. ఆ జట్టు 1961, 1962, 1980, 1983లలో సోవియట్ కప్పు గెలిచింది. సోవియట్ లీగ్‌లో మాత్రం ఏనాడూ మొదటి స్థానానికి చేరలేదు. 1975లోనూ, 1979లోనూ రెండో స్థానంతో సరిపెట్టుకుంది. 1979లో ఆ జట్టు ఆటగాడు విటాలీ స్తారుహిన్ 26 గోలులు చేసి సోవియట్ దేశపు ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. మాస్కో, కీవ్ జట్లకున్న హంగు లేకపోయినా, షిఫ్టు దిగి వచ్చిన మనిషికి అది తన జట్టు. ప్రచారం కోసం పుట్టినదాన్ని నాలుగు దశాబ్దాల పాటు మైదానానికి వచ్చి సొంతం చేసుకున్నది ఆ ప్రేక్షకులే.

సోవియట్ యూనియన్ కూలిపోయాక క్లబ్ మరో శక్తి చేతుల్లోకి వెళ్లింది. 1995 అక్టోబరు 15న స్టేడియంలోనే బాంబు పేలి క్లబ్ అధ్యక్షుడు అహత్ బ్రాగిన్ మరణించాడు. బొగ్గు, ఉక్కు పరిశ్రమల మీద ఆధిపత్యం కోసం ఆ రోజుల్లో దొనెత్స్క్‌లో ఎంత నెత్తురు పారిందో చెప్పడానికి ఆ ఒక్క ఘటన చాలు. మరుసటి ఏడాది పగ్గాలు చేపట్టిన రినాత్ అఖ్మెతోవ్ ఉక్రెయిన్‌లోకెల్లా సంపన్నుడయ్యాడు, పార్లమెంటు సభ్యుడూ అయ్యాడు. ఆయన డబ్బుతో బ్రెజిల్ నుంచి ఆటగాళ్లు వచ్చారు. రుమేనియాకు చెందిన మిర్చా లుచెస్కు 2004 నుంచి 2016 దాకా శిక్షకుడిగా ఉన్నాడు. 2009 మే 20న ఇస్తాంబుల్‌లో వెర్డర్ బ్రెమెన్‌ను 2-1తో ఓడించి షఖ్తార్ యూఈఎఫ్ఏ కప్పు గెలిచింది. అదే ఏడాది ఆగస్టులో సుమారు 52 వేల మంది పట్టే దొన్‌బాస్ అరేనా ప్రారంభమైంది. 2012 యూరో పోటీల్లో స్పెయిన్, పోర్చుగల్ సెమీఫైనల్ అక్కడే జరిగింది. గని కార్మికుడి పేరున్న జట్టు అప్పటికి గనుల యజమాని సొత్తు. దీన్ని విస్మరించి షఖ్తార్‌ను శ్రామికుల కథగా మాత్రమే చెప్పుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే అవుతుంది.

యుద్ధం ఆ వైభవాన్ని రెండేళ్లలో తుడిచిపెట్టింది. ఫిరంగి గుళ్లకు స్టేడియం దెబ్బతింది. కొంతకాలం అది నిరాశ్రయులకు సాయం పంచే కేంద్రంగా పనిచేసింది. జట్టు మొదట దేశపు పశ్చిమ కొసనున్న ల్వీవ్‌కు, అక్కడి నుంచి ఖార్కివ్‌కు, ఆపై కీవ్‌కు మారింది. 2022లో రష్యా పూర్తిస్థాయి దాడికి దిగాక యూరప్ పోటీల్లో తన 'సొంత మైదానం' మ్యాచ్‌లను వార్సాలోను, హాంబర్గ్‌లోను, గెల్సెన్‌కిర్షెన్‌లోను ఆడింది. అయినా 2023, 2024లలో ఉక్రెయిన్ విజేతగా నిలిచింది. డబ్బు, పేరు, అంతర్జాతీయ సమాఖ్యల గుర్తింపు ఉన్నందువల్ల క్లబ్ ప్రవాసంలో కూడా బతికింది. దొనెత్స్క్‌లో పుట్టి పెరుగుతున్న పిల్లవాడికి మాత్రం ఆ జట్టు టీవీలో కనిపించే జట్టే.

ఇప్పుడు బస్తర్‌కు వద్దాం. దంతెవాడ జిల్లాలోని బైలదిలా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వకం 1968లో కిరందుల్ వద్ద మొదలైంది. తవ్విన సంస్థ ఎన్ఎండీసీ కేంద్ర కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి ఆ దేశపు సహకారంతో వేసిన రైలు మార్గం కిరందుల్ నుంచి తూర్పు కనుమలను దాటి విశాఖపట్నం దగ్గరి కొత్తవలసకు చేరుతుంది. బస్తర్ ఖనిజంతో తెలుగు నేలకు ఇంత దగ్గరి బంధం ఉన్నా, ఆ కొండల కింది ఊళ్ల గురించి మనకు తెలిసింది అతి తక్కువ. యంత్రాల వల్ల ఉపాధి పోతుందని ఆందోళనకు దిగిన గని కార్మికుల మీద 1978 ఏప్రిల్‌లో కిరందుల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ పేరు ఎందరికి గుర్తుంది? అర్ధ శతాబ్దానికి పైగా ఖనిజం తరలిపోతూనే ఉన్నా, ఆ గనుల పేరును గర్వంగా మోస్తూ దేశానికి పరిచయమైన జట్టు ఒక్కటి కూడా అక్కడి నుంచి రాలేదు.

ఆ ఖాళీని పూరిస్తున్నానని ఇవాళ రాజ్యం అంటోంది. 2024లో మొదటిసారి నిర్వహించిన 'బస్తర్ ఒలింపిక్స్'లో ఏడు జిల్లాల నుంచి 1 లక్షా 65 వేల మంది పాల్గొన్నారని ప్రధానమంత్రి స్వయంగా 'మన్ కీ బాత్'లో చెప్పారు. ఆ డిసెంబరు 15న జగదల్‌పూర్‌లో జరిగిన ముగింపు సభకు కేంద్ర హోంమంత్రి అమిత్ షా వచ్చారు. ఫుట్‌బాల్, హాకీ, విలువిద్య, కబడ్డీ పోటీలు జరిగాయి. లొంగిపోయిన మావోయిస్టులను, మందుపాతరల వల్ల అవయవాలు కోల్పోయినవారిని 'నువా బాట్', అంటే కొత్త దారి, అన్న పేరుతో బరిలోకి దింపారు. మావోయిస్టు ఉద్యమ నిర్మూలనకు 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించిన మంత్రే ఈ ఆటల వేదిక మీద ముఖ్య అతిథి. క్రీడాశాఖ మంత్రి కూర్చోవలసిన కుర్చీలో హోంమంత్రి కూర్చోవడంలోనే ఈ పోటీల స్వభావం తెలుస్తోంది.

అంతమాత్రాన వీటిని తోసిపుచ్చాలా? నేను అలా అనుకోను. షఖ్తార్ పుట్టుక ఇంతకంటే పచ్చి ప్రచారం. పుట్టుకను బట్టి ఆటను కొట్టిపారేస్తే ఆ ఆటలో కేరింతలు కొట్టిన మనుషులను కూడా కొట్టిపారేసినట్లే. సుక్మా నుంచి జగదల్‌పూర్ దాకా వచ్చి బంతి తన్నిన పిల్ల సంతోషం ఏ పార్టీకీ చెందదు. నా అభ్యంతరం మరొకటి. ఉత్సవం ఏడాదికి ఒకసారి వచ్చి వెళ్లిపోతుంది. క్లబ్ వారం వారం ఆడుతుంది. ఉత్సవంలో ప్రజలు అతిథులు, నిర్వహణ అధికారులది. క్లబ్బుకు సభ్యులు, అభిమానులు, ఓటముల జ్ఞాపకాలు ఉంటాయి. ప్రచారం ప్రజల సొత్తు కావాలంటే ఉత్సవం క్లబ్బుగా మారాలి.

అది అసాధ్యం కాదని బస్తర్‌లోనే రుజువు ఉంది. నారాయణ్‌పూర్‌లో రామకృష్ణ మిషన్ ఆశ్రమం 1985 నుంచి అబూజ్‌మాడ్ ఆదివాసీ పిల్లలకు చదువు చెబుతోంది. ఆ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది. ఆ ఆశ్రమ మైదానంలోనే 2024లో అండర్-20 జాతీయ పురుషుల ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. దేశంలోని రాష్ట్రాల జట్లన్నీ వెతుక్కుంటూ రావలసిన చోటుగా ఆ చిన్న పట్టణం మారింది. దాని వెనుక నాలుగు దశాబ్దాల ఓపిక ఉంది.

అదే జిల్లాలో, సరిగ్గా ఏడాది తర్వాత, 2025 మే 21న అబూజ్‌మాడ్ అడవిలో భద్రతా దళాలు మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు సహా 27 మందిని హతమార్చాయి. ఆయన శ్రీకాకుళం జిల్లావాడు, వరంగల్ ఆర్ఈసీలో చదివినవాడు. మరణించినవారిలో బస్తర్ ఆదివాసీ యువత ఉన్నారు. చంపిన దళాల్లోనూ బస్తర్ ఆదివాసీ యువత ఉన్నారు. ఒకే వయసు పిల్లలకు నారాయణ్‌పూర్ జిల్లా ఒకవైపు బంతిని, మరోవైపు రెండు రకాల తుపాకులను చూపింది. ఇరువైపులా ఉన్న ఆ పిల్లల చావులకు మావోయిస్టు నాయకత్వమూ, ప్రభుత్వమూ రెండూ జవాబుదారులే.

ఇక ప్రవాసం సంగతి. 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో దక్షిణ బస్తర్‌లో సుమారు 640 గ్రామాలు ఖాళీ అయ్యాయి. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా ఊళ్లు నిండలేదు. వేల కుటుంబాలు గోదావరి పరీవాహక అడవుల్లోకి, నాటి ఖమ్మం జిల్లాలోకి వచ్చి తలదాచుకున్నాయి. మనం వారిని గుత్తికోయలంటాం. రాష్ట్ర సరిహద్దు దాటినందుకు వారికి ఇక్కడ షెడ్యూల్డ్ తెగ గుర్తింపు దక్కదు. పోడు పట్టా రాదు. అటవీశాఖ గుడిసెలు పీకితే మళ్లీ వేసుకుంటారు. షఖ్తార్ వెళ్లిన ప్రతి నగరం దాన్ని దొనెత్స్క్ జట్టుగానే పిలిచింది. మన దగ్గరకు వచ్చినవారికి మనం వారి తెగ పేరును కూడా కాగితం మీద మిగల్చలేదు.

కాబట్టి బస్తర్‌లో శాంతి వచ్చిందని ప్రకటించే ముందు పాలకులు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. 2015 చట్ట సవరణ ప్రకారం గనుల ప్రభావిత ప్రాంతాల కోసం ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి ఆ గ్రామాలది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ నిధుల వినియోగం మీద ఈడీ దర్యాప్తు దాకా వెళ్లవలసి వచ్చింది. అందులో ఒక వాటాతో ప్రతి బ్లాకులో ఏడాది పొడవునా నడిచే జట్లను, శిక్షకులను, మైదానాలను పోషించవచ్చు. ఆ జట్ల నిర్వహణ గ్రామసభలు ఎన్నుకున్నవారి చేతుల్లో ఉండాలి, పోలీసు క్యాంపు చేతుల్లో కాదు. సల్వాజుడుం కాలంలో వెళ్లిపోయినవారు తిరిగి రావాలనుకుంటే భూమి హక్కుతో రానివ్వాలి. ఉండిపోవాలనుకుంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు వారి గుర్తింపు సమస్యను కేంద్రంతో కూర్చుని తేల్చాలి.

స్తహానోవ్ పేరుతో మొదలైన జట్టు గని కార్మికుడి పేరు తెచ్చుకోవడానికి పదేళ్లు పట్టింది. బస్తర్ ఒలింపిక్స్‌కు ఆ గడువు ఇవ్వడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు. పదేళ్ల తర్వాత ముగింపు సభలో ఏ మంత్రి ప్రసంగించారన్నది ఎవరికీ గుర్తుండదు. కిరందుల్‌లోనో, కొంటాలోనో, ఓర్చాలోనో ఒక ఆదివారం సాయంత్రం ఊరి జట్టు ఆట చూడటానికి పక్క ఊరి జనం నడిచి వచ్చారా, చీకటి పడ్డాక భయం లేకుండా ఇంటికి వెళ్లారా అన్నదే అప్పుడు అడగవలసిన ప్రశ్న.