మా డిగ్రీ ఫీజు ఎవరు కట్టారు?

"డిగ్రీ చదివి ఏం బాగుపడినావు సాయిబూ?"

మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గర టీ తాగుతుంటే ఈ మాట మాకు ఇరవై ఏళ్ళుగా వినబడుతూనే ఉంది. మావాళ్ళు జాలిగా అడుగుతారు. బయటివాళ్ళు నవ్వుతూ అడుగుతారు. మేము బి.ఏ. చదివి పత్రికలో చేరాం. మాతో పాటు ఇంటర్ దాకా వచ్చి, చదువు మానేసి మండీలో లెక్కలు రాయడానికి పోయిన దోస్తు ఇప్పుడు సొంతంగా మండీ నడుపుతున్నాడు. మాది ఇప్పటికీ అద్దె ఇల్లే. (ఒక్క మనిషి 'మేము' అంటాడేమిటని నవ్వకండి. ఉర్దూలో 'హమ్' అనే అలవాటు తెలుగులోకీ వెంట వచ్చింది. అయినా ఇది ఒక్కరి సంగతి కాదు.)

లెక్క వేస్తే డిగ్రీ నష్టమనే తేలుతుంది. ఆ లెక్క మాకూ వచ్చు. కానీ అందులో రాబడి ఎందుకు తగ్గిందో, ఖర్చు ఎవరి పేరు మీద రాశారో చూపించమంటున్నాం.

"మీ సాయిబులు చదువుకోరు, అందుకే ఉద్యోగాలు రావు" అని మాకు నీతులు చెప్పే పెద్దమనుషులారా! చదువుకోనిది నిజమే. 20 ఏళ్ళు దాటిన ముస్లింలలో డిగ్రీగానీ డిప్లొమాగానీ ఉన్నవాళ్ళు నూటికి నలుగురు కూడా లేరని, దేశం మొత్తం మీద చూస్తే ఏడుగురున్నారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. మీరు దాన్ని పట్టుకున్నారు. మరుసటి ఏడాది సుఖదేవ్ థోరట్, పాల్ అటీవెల్ చేసిన పని మాత్రం మీ కంట పడలేదు. వాళ్ళు ఒకే రకం చదువున్న దరఖాస్తుల్ని పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు పంపారు. హిందూ అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపులు తగ్గాయి. ముస్లిం పేరుకు అంతకన్నా తగ్గాయి. అదే డిగ్రీ, అవే మార్కులు. మరి కూలినాలి చేసుకునే ఒక బాప్, కొడుకును కాలేజీ మాన్పించి మెకానిక్ షెడ్డులో పెడితే అది అజ్ఞానమా, అనుభవమా?

1919లో ఠాగూరు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఈ మదనపల్లెలోనే, బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో. ఆ ఊళ్ళో బి.ఏ. చదివిన మేము పక్క జిల్లాలో ఇల్లు అద్దెకు అడిగితే, పేరు చెప్పేదాకా ఉన్న వాటా పేరు చెప్పగానే నిండిపోయింది.

సర్కారు సంగతి రెండు ముక్కల్లో చెబుతాం. 2007లో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. వాటివల్ల మా పిల్లలు ఇంజనీరింగు కాలేజీల గడప తొక్కారు, కాదనం. బకాయిలు పడ్డప్పుడు సర్టిఫికెట్ల కోసం ఆ గడప దగ్గరే పడిగాపులు కాశారు కూడా. కుప్పంలో తెల్లవారి బెంగుళూరు రైలు చూడండి. ఇంజనీరింగు పాసై సెల్‌ఫోన్ల అంగడిలో పనికి పోయే కుర్రాళ్ళు కనిపిస్తారు. పై చదువులకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో ఎత్తేసింది.

ఇక ఖర్చు. ఇక్కడ మేము మావాళ్ళతోనే తగువు పడాలి.

మా డిగ్రీ ఫీజు సర్కారు కట్టలేదు. పుంగనూరులో అబ్బా సైకిల్ షాపు మా ముగ్గురి కడుపులకే చాలేది కాదు. పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైన ఆపాను ఇంట్లో కూర్చోబెట్టి, పాత కుట్టుమిషను ఒకటి కొనిచ్చారు. ఆమె జాకెట్లు కుట్టింది, చీరలకు ఫాల్స్ వేసింది. మా బస్ పాసు, పరీక్ష ఫీజు, చివరికి కాన్వొకేషన్‌కు వేసుకున్న చొక్కా కూడా ఆ మిషను మీదే వచ్చాయి. మా మార్కుల జాబితాలో ఆపా పేరు ఎక్కడా లేదు. తమ్ముడి చదువు గిట్టుతుందా అని ఆనాడు ఇంట్లో ఎవరూ అడగలేదు. మగపిల్లాడు కదా! మేమూ అడగలేదు. సిగ్గు లేకుండా చదువుకున్నాం.

ఇప్పుడు ఆపా కూతురు ఇంటర్ పాసైంది. కుప్పంలో బి.ఎస్సీ. నర్సింగు చదువుతానంటోంది. నాలుగేళ్ళు. ఇప్పుడు మాత్రం ఇంటిల్లిపాదికీ లెక్కలు గుర్తొచ్చాయి. హాస్టలుకెంత, పుస్తకాలకెంత, చదివాక ఎవడు పెళ్ళి చేసుకుంటాడు, అంతకన్నా ఎక్కువ చదివినవాణ్ణి తేవాలంటే కట్నం ఎంత? బావగారు మమ్మల్నే పిలిపించి అడిగారు: "నువ్వు చదువుకున్నోడివి కదా మియా, నువ్వే చెప్పు, గిట్టుతుందా?"

ఏం చెప్పాలి? 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం సవరించినప్పుడు ఈ వీధి వీధంతా మా గడపకే వచ్చింది. రేషను కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, స్కూలు సర్టిఫికెట్‌లో మరో పేరు. రాత్రి రెండింటి దాకా కూర్చుని అర్జీలు రాశాం, తెలుగులో రాసినదాన్ని దక్కనీలో చదివి వినిపించాం. ఆ రాత్రి ఎవరూ మా డిగ్రీ గిట్టుబాటైందా అని అడగలేదు. ముసలివాళ్ళు చేతులు పట్టుకుని దువా చేశారు. ఆ దువాలో సగం ఆపాకు చెందాలి.

బావగారితో ఇదే అన్నాం: "నా చదువుకు వేయని లెక్క దీని చదువుకు వేయొద్దు. వేస్తే ముందు నా బాకీ తేల్చండి. పదేళ్ళు ఆపా కుట్టిన కూలి ఎంతవుతుందో కట్టండి, నేను ఇస్తా. అది పిల్లకు హాస్టలు ఖర్చవుతుంది." ఆయన కోపంగా లేచి నమాజుకు వెళ్ళిపోయాడు. ఆయన అలిగాడని మేము బాధపడలేదు, ఇంత ఆలస్యంగా అన్నామనే బాధ.

ఆపా మిషను మీంచి తల ఎత్తలేదు. పాదం మాత్రం ఆగింది.

"కుప్పం బస్సు పొద్దున ఎన్నింటికి భాయ్?" అంది.