బస్సు ప్రయాణం గడప దగ్గరే మొదలు

‘రోజూ అరగంట నడవండి’ అన్నారు డాక్టరు. మీరూ సరేనన్నారు. మర్నాడు ఆఫీసుకు బస్సులో వెళ్దామని, స్టాపు దాకా నడుద్దామని గేటు తీసుకుని బయటికొచ్చారు. కాలిబాట మీద నాలుగడుగులు వేశారో లేదో ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్‌. తప్పించుకుందామని రోడ్డు మీదికి దిగితే వెనక నుంచి హారన్‌. మళ్లీ ఎక్కబోతే కాలిబాట గట్టు మోకాలెత్తు. ఎలాగో ఎక్కితే అడ్డంగా నిలిపిన కారు, ఆ పక్కన బండరాళ్ల కుప్ప. బస్టాపు అర కిలోమీటరు దూరమే. అయినా మీరు ఆటోని పిలుస్తారు. మిమ్మల్ని తప్పు పట్టలేం.

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్‌ రైళ్లు 2003లో వచ్చాయి. మెట్రో 2017 నవంబరులో మొదలైంది. ఇప్పుడు విద్యుత్తు బస్సుల వంతు. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్‌ పథకం కింద 2025లో ఈ నగరానికి 2,000 విద్యుత్తు బస్సులు కేటాయించింది. సంతోషించాల్సిన విషయమే. అయితే ఎన్ని బస్సులు వస్తాయన్న ప్రశ్నతో పాటు మనం అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ బస్సు దాకా మనం ఎలా చేరతాం?

ముందు విద్యుత్తు బస్సు వల్ల మేలేమిటో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 2012లోనే డీజిల్‌ పొగను క్యాన్సర్‌ కారకంగా తేల్చింది. ఆ పొగలోని అతి సూక్ష్మ ధూళి కణాలు ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతాయి, అక్కడి నుంచి రక్తంలోకీ చేరతాయి. ఉబ్బసమే కాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పూ పెరుగుతుంది. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 కణాలు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన దేశ ప్రమాణం 40. స్టాపులో నిలబడి బస్సు కదిలినప్పుడల్లా నల్ల పొగను పీల్చే మనిషికి పొగ గొట్టం లేని బస్సు నిజంగానే వరం.

కానీ పొగ ఒక్కటే కాలుష్యం కాదు. టైర్ల అరుగుదల, బ్రేకుల పొడి, చక్రాల కింద లేచే రోడ్డు దుమ్ము కూడా మన ముక్కుల్లోకే వస్తాయి. విద్యుత్తు కారు వెనక కూడా దుమ్ము లేస్తుంది. కాబట్టి రోడ్డు మీద బండ్ల సంఖ్యే తగ్గాలి. నలభై మంది బైకులు, కార్లు ఇంట్లో వదిలి ఒక్క బస్సెక్కితేనే గాలి తేలికపడుతుంది. వాళ్లు ఎక్కాలంటే స్టాపు దాకా క్షేమంగా నడవగలగాలి. ఆ నడక కుదరక స్టాపు దాకా బండ్ల మీదే వస్తే, బస్సుతో మిగిలిన పొగలో కొంత ఆ అర కిలోమీటరులోనే తిరిగి వచ్చేస్తుంది.

ఆ నడకలో మన ఆరోగ్యానికి ఇంకో లాభమూ దాగుంది. అమెరికాలో బస్సులు, రైళ్లలో తిరిగేవారిపై 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం వారిలో సగం మంది స్టాపులకు వెళ్లి రావడానికే రోజుకు 19 నిమిషాలు, అంతకు మించి నడుస్తున్నారు. వారానికి ఐదు రోజులు లెక్కేసుకున్నా 95 నిమిషాలు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే ప్రత్యేకంగా పార్కుకు వెళ్లకుండానే సగానికి పైగా పూర్తయినట్టే. ఐసీఎంఆర్‌ అధ్యయనం 2023లో మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. ఇలాంటి దేశంలో కాలిబాట వేయడం కూడా ఒక వైద్యమే.

మరి ఆ దారి ఎలా ఉండాలి? కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు. ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ ప్రమాణాలు ఎప్పుడో రాసి పెట్టింది. కాలిబాటపై ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు వదలాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఆరంగుళాలు మించకూడదు. బండ్లు ఎక్కకుండా చేద్దామని ఎత్తు పెంచుకుంటూ పోతే, బండ్ల సంగతేమో గానీ మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ మాత్రం రోడ్డు మీదే నడుస్తుంది. ఆ అమ్మమ్మే నేడు ఉచిత బస్సు ప్రయాణికురాలు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆమెకు టికెట్టు ఖర్చు లేదు. దారి కష్టం మాత్రం అలాగే ఉంది.

స్టాపు దగ్గరా ఇంతే. లో-ఫ్లోర్‌ బస్సులో లోపలి నేల రోడ్డుకు సుమారు 400 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కాలిబాట అంచుకు ఆనుకుని ఆగితే ఒక్క అడుగులో ఎక్కేయొచ్చు. కానీ బస్‌బేలో ఆటోలు నిలిచి ఉంటాయి. లోపలికి వెళ్తే మళ్లీ ట్రాఫిక్‌లోకి దూరడం కష్టమని డ్రైవరు నడిరోడ్డుపైనే ఆపుతారు. ఖరీదైన బస్సు కొన్న ఫలితం అక్కడే పోతుంది. చాలా నగరాలు దీనికి తేలికైన ఉపాయం పట్టాయి. బస్సును లోపలికి రమ్మనకుండా, స్టాపు దగ్గర కాలిబాటనే కొంచెం ముందుకు జరిపి బస్సుకు ఆనిస్తారు.

ఎండ మాటేమిటి? మే నెలలో ఉత్త రేకు కప్పు కింద నిలబడితే, వేడెక్కిన ఆ రేకే నెత్తిన సెగ కురిపిస్తుంది. వెనక గాలి ఆడకుండా ప్రకటన బోర్డు. గుండె జబ్బున్నవారికి, గర్భిణులకు, పెద్దలకు ఆ ఇరవై నిమిషాలు చాలు వడదెబ్బ తగలడానికి. వేపో కానుగో నాటి, మొదలు చుట్టూ సిమెంటు బిగించకుండా కాస్త మట్టి వదిలితే ఆ నీడే దారి పొడవునా మనతో వస్తుంది.

ఇంకోటి, ఎవరూ పైకి చెప్పుకోనిది. దారిలో మరుగుదొడ్డి దొరకదని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా బయల్దేరే ఆడవాళ్లు ఎందరో. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లకు అదొక దారి. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రను ప్రయాణం రోజున మానేసేవాళ్లూ ఉన్నారు. శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీటి కుళాయి కూడా రవాణా ప్రణాళికలో భాగమే.

చిక్కేమిటంటే ఈ అర కిలోమీటరుకు యజమాని లేడు. బస్సు ఆర్టీసీది. కాలిబాట నగరపాలక సంస్థది. ట్రాన్స్‌ఫార్మర్‌ విద్యుత్తు సంస్థది. సిగ్నల్‌ పోలీసులది. నడిచే కాళ్లు మాత్రం మనవి. మనుషులను చేరవేయడం ముఖ్యం, వాహనాలను కాదు అని జాతీయ పట్టణ రవాణా విధానం 2006లోనే చెప్పింది. మెట్రో కిలోమీటరుకు వందల కోట్లు వెచ్చిస్తున్నాం. ప్రతి స్టేషను, ప్రతి పెద్ద బస్టాపు చుట్టూ అర కిలోమీటరు కాలిబాటను, దాటే చోటును, నీడను అదే పథకంలో, అదే బడ్జెట్‌లో, ఒకే అధికారి బాధ్యతగా చేర్చాలి. బస్సులు వచ్చాక చూద్దామంటే కుదరదు.

మీ వంతు కూడా కొంత ఉంది. ఈ ఆదివారం మీ గేటు నుంచి బస్టాపు దాకా ఒకసారి నడవండి. వీలైతే ఇంట్లోని పెద్దవారిని వెంట తీసుకెళ్లండి. వాళ్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ మీ చెయ్యి పట్టుకున్నారో, ఎక్కడ రోడ్డు మీదికి దిగాల్సి వచ్చిందో రాసుకోండి, ఫొటోలు తీయండి. నలుగురు ఇరుగుపొరుగువారి సంతకాలతో వార్డు కార్యాలయంలో ఇవ్వండి. మీ కారు కాలిబాట మీద నిలుపుతుంటే, ముందు దాన్ని తీసేయండి.

డాక్టరు చెప్పిన అరగంట నడక ఎక్కడో పార్కులో లేదు. మీ గేటుకూ బస్టాపుకూ మధ్యనే ఉంది.