పట్టించుకోరా? వినపడదా?

‘మా అత్తగారు బంగారం. ఎవరేమన్నా పట్టించుకోరు’ అని మురిసిపోయే కోడళ్లని చాలామందిని చూశాను. వాళ్ల మాట కాదనను గానీ, ఆ పట్టించుకోకపోవడంలో సగం మంచితనమైతే మిగతా సగం వినపడకపోవడమేమోనని నా అనుమానం. మామగారికి పేపర్లో అక్షరాలు మసకబారితే ఆ వారంలోనే కళ్లజోడు వస్తుంది. అత్తగారికి మాట వినపడకపోతే మాత్రం ‘పరధ్యానం’ అనేస్తాం. మిక్సీ, కుక్కరు మోతల మధ్య ఉండే మనిషికి ఎంత వినపడుతోందో ఎవరు చూడొచ్చారు? తెనాలిలో ఉండే మా మేనత్త అయితే పెళ్లిళ్లకి రావడమే మానేసింది. ‘ఎవరో ఏదో అడుగుతారు, నేనింకేదో చెబుతాను, నవ్వుతారు. ఎందుకొచ్చిన గొడవే!’ అంది నాతో.

పోనీ, మెషీను కొనివ్వలేదా అంటే కొనిచ్చారు. మా బావ తన ఆఫీసులో ఒకాయన వాళ్ల నాన్నకి కొన్న మోడలే తెచ్చాడు. చెవి లోపల ఇమిడిపోయి ఎవరికీ కనిపించనిది. అమ్మినవాళ్లు చెవి చూడలేదు, పరీక్ష చేయలేదు, డబ్బు తీసుకుని డబ్బా చేతిలో పెట్టారు. అత్తయ్యవి కీళ్లనొప్పుల వేళ్లు. కందిగింజంత బ్యాటరీ మార్చడం ఆమె వల్ల కాలేదు. పైగా పెట్టుకుంటే ఈల, గిన్నె కదిలితే గుండె అదిరిపోయే చప్పుడు. పది రోజులకి అది బీరువాలో నగల పక్కకి చేరింది.

చెవి మెషీను ఇంకొకరు ఎంపిక చేసి తెచ్చేది కాదండీ. (చీరైనా అంతేననుకోండి.) వయసుతో వచ్చే చెవుడులో అన్ని శబ్దాలూ సమానంగా తగ్గవు. సన్నని, కీచు శబ్దాలు ముందు పోతాయి. ‘ఆ’, ‘ఊ’ లాంటి అచ్చులు బాగానే తెలుస్తాయి. స, ష, క, త, ప లాంటివే కలిసిపోతాయి. పాలు అంటే కాలో, తాలో తెలియదు. ‘వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు’ అని పెద్దవాళ్లు అనేది అందుకే. మనం గట్టిగా అరిస్తే ఆ అచ్చులే ఇంకా పెద్దవవుతాయి, మాట తేటపడదు. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే, అన్ని శబ్దాలనీ ఒకేలా పెంచే పరికరాలు చేసేదీ దాదాపు ఇదే.

కాబట్టి ముందు ఇ.ఎన్‌.టి. డాక్టరు. ఒక్కోసారి గులిమి అడ్డుపడినా వినపడదు. దానికి మెషీనెందుకు? చెవిలోని చిన్న ఎముక బిగుసుకుపోయే ఒటోస్క్లెరోసిస్ అనే జబ్బు మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ. దానికి చాలామందికి ఆపరేషన్ పనిచేస్తుంది. ఆ తర్వాత ఆడియాలజిస్టు. చప్పుడు చొరని గదిలో రెండు చెవులకీ విడివిడిగా పరీక్ష చేసి గ్రాఫు గీస్తారు. ఆ కాగితం ఆధారంగా కంప్యూటరుతో మెషీనుని సరిచేస్తారు. ఒక్కో చెవికి కొన్ని వేల నుంచి లక్ష పైదాకా ధరలుంటాయి. ఖరీదైనదే మంచిదన్న భ్రమ వద్దు. నేనైతే మూడే అడుగుతాను. కొన్ని రోజులు ఇంట్లో వాడి చూడనిస్తారా? కొన్నాక ఎన్నిసార్లు వచ్చినా సరిచేస్తారా? పాడైతే మన ఊళ్లోనే బాగుచేస్తారా? వీటికి నీళ్లు నమిలే చోట కొనను.

పెట్టుకునే మనిషి కూడా వెళ్లాలి, ఆమే మాట్లాడాలి. గుంటూరులో పరీక్ష అయ్యాక అత్తయ్య చెవి వెనక పెట్టుకునే, రీచార్జి చేసుకునే మెషీను అడిగింది. ‘కనిపిస్తుందమ్మా!’ అన్నాడు బావ. ‘కళ్లజోడు కనిపించట్లేదురా?’ అంది. ఆ సమాధానం నాకు భలే నచ్చింది.

మొదటి రోజే పెళ్లిలో పెట్టుకుని వెళ్లకూడదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒకరితో మాట్లాడుతూ, రోజుకి రెండు మూడు గంటలతో మొదలుపెట్టాలి. ఏళ్ల తరబడి వినని చప్పుళ్లకి మెదడు అలవాటు పడడానికి వారాలు పడుతుంది. ఈల వస్తుంటే చెవిలో సరిగ్గా కూర్చోలేదనో, గులిమి ఉందనో అర్థం. చెవిని కప్పేలా కొంగు కప్పుకున్నా వస్తుంది.

దీనికి పగవాళ్లు తడీ, నూనే, పౌడరూ. తలంటుకి, జుట్టుకి రంగు వేసుకునేటప్పుడు, పడుకునేటప్పుడు తీసేయాలి. తలకి నూనె రాసుకున్న చేత్తో ముట్టుకోకూడదు. రాత్రి పొడిగుడ్డతో తుడిచి, బ్యాటరీ తలుపు తెరిచి, సిలికాజెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. విశాఖ, బందరు లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది తప్పదు. తడిసింది కదా అని పొయ్యి పక్కనో ఎండలోనో ఆరబెడితే పాడవుతుంది. చెవిలో దూర్చే అచ్చుని విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగొచ్చు, బాగా ఆరాకే తగిలించాలి. మెషీనుకి మాత్రం నీళ్లు తగలకూడదు. మామూలు బ్యాటరీలది వేరే తంతు. పైన స్టిక్కరు పీకి ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయాలి. మళ్లీ అంటించినా మిగలదు. ఇంట్లో పసివాళ్లుంటే అందకుండా దాచండి. మింగితే పేగు కాలిపోయే ప్రమాదముంది, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

డబ్బు లేనివాళ్లకీ దారులున్నాయి. 1981లో మొదలైన కేంద్రం వారి ఎడిప్ పథకం, దారిద్య్రరేఖకి దిగువనున్న వృద్ధుల కోసం 2017లో తెచ్చిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద అర్హులకి మెషీన్లు ఇస్తారు. ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్లో ప్రాంతీయ కేంద్రం ఉంది.

మెషీను వచ్చింది కదా అని వెనక గదిలోంచి కేకేస్తే కుదరదు. టీవీ తగ్గించి, ఎదురుగా వచ్చి, మొహం కనిపించేలా నిదానంగా చెప్పాలి. బ్యాటరీలు వేసే రకమైతే వారం పది రోజులకోసారి కొత్తవి కావాలి. వాటికోసం ఆవిడ కొడుకునో కోడల్నో అడుక్కునే పరిస్థితి రానివ్వకండి. నెల సరుకుల చీటీలో కందిపప్పు, చింతపండుతో పాటు అవీ రాసేయండి.