బొగ్గు లెక్క గెలిచిన వాదన

రాత్రయితే మన టీవీల్లో డిబేట్ మొదలవుతుంది. కూర్చునేది నలుగురే, కానీ పదిమంది అరుస్తున్నట్టుంటుంది. విశాఖ రైల్వే జోన్ మీద ఏళ్ల తరబడి నడిచింది ఇదే. జోన్ వస్తుందా రాదా, వస్తే ఆ ఘనత ఎవరిది? ఏ లైన్లు మనకు మిగులుతాయని అడిగినవాళ్ల గొంతు ఆ రచ్చలో వినపడలేదు.

పోలికకు మరో ఊరు చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ బెంగాల్ నాగపూర్ రైల్వే పెంచిన ఊరు. ఆ కంపెనీ బళ్లు వాల్తేరుకూ నడిచేవి. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడి రైల్వే కాలనీల్లో తరాలుగా ఉంటున్నాయి. ఆ ఊరూ జోన్ అడిగింది. దాని వాదన ఏమిటో పక్కనున్న కోర్బా బొగ్గు గనులు చూస్తే తెలుస్తుంది: గెవ్రా, దీప్కా, కుస్ముండా. ఒక్కో గూడ్సు బండికి 58 వ్యాగన్లు, మూడున్నర వేల టన్నులకు పైమాటే. బొగ్గు ఇక్కడ కదులుతుంటే నిర్ణయాలు కలకత్తా గార్డెన్ రీచ్‌లోని జోన్ ఆఫీసులో ఎందుకు జరగాలి? లెక్క కట్టి జవాబు చెప్పదగ్గ ప్రశ్న అది.

అక్కడా అంతా మర్యాదగా సాగలేదు లెండి. 1996 జనవరిలో ఉద్యమం హింసకు దిగింది, రైల్వే ఆస్తులు తగలబడ్డాయి. అదే ఏడాది ప్రకటించిన ఆరు కొత్త జోన్లలో బిలాస్‌పూర్ పేరు లేదు. 1998లో గానీ ఆ ఊరికి జోన్ రాలేదు, 2003లో గానీ పని మొదలవలేదు. అందుకే నిప్పు పెట్టి సాధించుకున్నారనే మాట నేను ఒప్పుకోను.

వచ్చిన జోన్ హద్దులు చూడండి. మహారాష్ట్రలోని నాగపూర్ డివిజన్ కూడా అందులో చేరింది. సరుకు ఎటు పోతే గీత అటు పోయింది.

మన దగ్గర 2019 ఫిబ్రవరిలో జోన్ ప్రకటించి, వాల్తేరు డివిజన్‌ను చీల్చారు. బైలదిల్లా ఇనుప ఖనిజం మోసే కిరండూల్ లైనులో ఎక్కువ భాగం రాయగడ డివిజన్‌కు, అంటే భువనేశ్వర్ కింద ఉన్న తూర్పు కోస్తా జోన్‌కు కేటాయించారు. ఇక్కడ గీత దాదాపు రాష్ట్ర సరిహద్దు వెంటే పోయింది. విశాఖ పేరుతో డివిజన్ ఉంచుతామన్న కేంద్ర నిర్ణయం 2025 ఫిబ్రవరిలో వచ్చింది. అదీ కత్తిరించిన డివిజనే.

ఈసారి జోన్ మీద డిబేట్ పెడితే, మీ ఎంపీని ఒక్కటే అడగండి: కిరండూల్ ఖనిజం మీద వచ్చే సరుకు రవాణా ఆదాయం ఏ జోన్ ఖాతాలో పడుతుంది?